మాత్రా కావాలి, మాటా కావాలి: డిప్రెషన్, ఆందోళన, ట్రామాలకు జంట వైద్యం

పాలకొల్లు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల పేటల్లో ఎవరూ "నాకు డిప్రెషన్" అంటూ ఆసుపత్రికి వెళ్ళరు. గుండె దడ అంటారు. తల బరువు, ఒళ్ళంతా మంటలు, నిద్ర పట్టట్లేదు అంటారు. ముందు ఆర్‌ఎంపీ దగ్గర సెలైను ఎక్కించుకుంటారు. తగ్గకపోతే పాస్టరు గారి చేత ప్రార్థన చేయించుకుంటారు, లేదంటే తాయెత్తు కట్టించుకుంటారు. అదీ అయ్యాక, చేతిలో డబ్బులు ఆడితే, పట్నంలో "నరాల డాక్టరు" దగ్గరికి వెళతారు. సైకియాట్రిస్టుకి మన వైపు మర్యాదైన పేరు అది. బయట యాభై మంది కూర్చుని ఉంటారు కాబట్టి ఐదు నిమిషాల్లో చీటీ చేతికొస్తుంది. రెండు వారాలు వాడితే నిద్ర పడుతుంది. నెల తిరిగేసరికి డబ్బులు అయిపోతాయి, లేదా "ఎన్నాళ్ళు మింగుతావు ఈ మత్తు బిళ్ళలు" అని ఇంట్లో వాళ్ళు అంటారు. మానేస్తారు. దడ మళ్ళీ వస్తుంది.

ఈ వరసలో ఎక్కడా ఆ మనిషితో కూర్చుని మాట్లాడిన వాళ్ళు లేరు. వైద్యంలో సగం మాత్రమే అందింది, అదీ చాలాసార్లు తప్పు సగం.

ఉద్యమంలో ఉన్నవాళ్ళం మనం ఇంకో రకంగా తప్పిపోతాం. కులం వల్ల వచ్చిన బాధకు మాత్ర ఏమిటి, న్యాయం కావాలి గానీ అంటాం. ఆ మాటలో కోపం న్యాయమైనదే. కానీ న్యాయం వచ్చేదాకా ఆ మనిషి నిద్రపోవాలి, అన్నం తినాలి, కోర్టులో సాక్ష్యం చెప్పాలి. చుండూరు కేసులో ఎనిమిది మందిని చంపింది 1991 ఆగస్టు 6న. మొదటి తీర్పు 2007లో వచ్చింది. హైకోర్టు 2014 ఏప్రిల్‌లో అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ 23 ఏళ్ళూ ఆ కుటుంబాలు ఏ మనసుతో బతికాయన్నది మన పోరాట సాహిత్యంలో బాగా తక్కువగా నమోదైంది.

కులానికీ మనసుకీ ఉన్న సంబంధం ఊహ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వే సమాచారం ఆధారంగా ఆశిష్ గుప్తా, డయాన్ కాఫీ 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. షెడ్యూల్డ్ కులాల వాళ్ళూ, ముస్లింలూ తమ మానసిక ఆరోగ్యం గురించి చెప్పుకున్నది పైకులాల హిందువులు చెప్పుకున్నదానికంటే అధ్వానంగా ఉంది. ఆస్తి, ఖర్చు, చదువు, వయసు, ఊరూ పట్నం తేడాలు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పోలేదు. పేదరికం ఒక్కటే కారణమైతే పోవాలి కదా.

మాత్ర ఏం చేస్తుంది

డిప్రెషన్‌కీ, ఎడతెగని ఆందోళనకీ ఇప్పుడు ముందుగా రాసే మందుల్ని ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు అంటారు. ఫ్లూయోక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వీటిలో ఎక్కువగా వాడేవి. జెనరిక్ మందుల దుకాణంలో కొద్ది రూపాయలకే దొరుకుతాయి. వీటి గుణం రెండు మూడు వారాలకు గానీ తెలియదు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి పది రోజుల్లో వికారం, తలనొప్పి, కొందరిలో ఆందోళన ఇంకా పెరగడం ఉంటాయి. అంటే ముందు కష్టం వస్తుంది, తర్వాత సుఖం. ఈ సంగతి చెప్పకుండా చీటీ రాస్తే ఎవరైనా నాలుగో రోజే ఆపేస్తారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు తగిలినట్టు ఉండటం మామూలు. పాతికేళ్ళ లోపు వాళ్ళకు మొదలుపెట్టినప్పుడు తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లోవాళ్ళు కనిపెట్టి ఉండాలి.

నిద్ర మాత్రల సంగతి వేరు. అల్ప్రజోలం, క్లోనజెపాం అరగంటలో పనిచేస్తాయి, అందుకే జనానికి నచ్చుతాయి, చీటీ లేకుండా కూడా దొరుకుతుంటాయి. కొన్ని వారాల్లోనే ఒళ్ళు వాటికి అలవాటు పడుతుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది ఈ జాతి మందులే. కల్లు దొరకని రోజుల్లో చేతులు వణుకుతూ, ఫిట్స్ వచ్చి, పిచ్చి చూపులతో ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం ఎలా వచ్చారో పత్రికలు చదివేవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పేటల్లో "మెంటల్ మాత్రలు అలవాటైపోతాయి" అనే భయం పుట్టింది వీటి వల్ల. ఆ భయాన్ని తీసుకెళ్ళి ఎస్‌ఎస్‌ఆర్‌ఐల మీద పెట్టేశారు. రెండూ ఒకటి కాదు. చీటీ చేతికి రాగానే "వీటిలో ఏది నిద్రకి, ఏది జబ్బుకి, ఏది ఎన్నాళ్ళు" అని అడగాలి. అడిగితే విసుక్కునే డాక్టర్లు ఉంటారు. అయినా అడగాలి.

డాక్టరుకు మనం చెప్పాల్సినవీ ఉన్నాయి. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండా రోజుల తరబడి విపరీతమైన హుషారుతో, డబ్బు వెదజల్లుతూ తిరిగిన చరిత్ర ఉంటే అది బైపోలార్ కావచ్చు. అప్పుడు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే జబ్బు ముదురుతుంది. గర్భం, బిడ్డకు పాలివ్వడం, రోజూ మందు తాగడం, వేరే జబ్బులకు వాడే మాత్రలు, ఇవన్నీ దాచకూడదు. ఆడవాళ్ళకు రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. ఆ రెండూ కూడా మనిషిని నీరసంతో, దిగులుతో కూలేస్తాయి.

ఇక మన మిత్రులు తరచూ వేసే ప్రశ్న. మందు పనిచేసిందంటే జబ్బు మెదడులో ఉన్నట్టే కదా, మరి కులం ఎక్కడికి పోయింది? పారాసిటమాల్ వేస్తే జ్వరం తగ్గుతుంది. అంతమాత్రాన ఒంట్లో పారాసిటమాల్ తక్కువై జ్వరం వచ్చిందని ఎవరూ అనరు. సెరోటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనే ప్రచారానికి గట్టి ఆధారం లేదని 2022లో జోవన్నా మాన్‌క్రీఫ్ బృందం చేసిన సమీక్ష చూపించింది. మందు ఎలా పనిచేస్తుందనేదీ, బాధ ఎక్కడి నుంచి వచ్చిందనేదీ రెండు వేరు ప్రశ్నలు. బాధకు కారణం ఊళ్ళో ఉండొచ్చు. అది దిగబడింది మాత్రం ఒంట్లోనే.

మాట అంటే సలహా కాదు

కౌన్సెలింగ్ అనగానే మనవాళ్ళకు "ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు" అని చెప్పే పెద్దమనిషి గుర్తొస్తాడు. అది చికిత్స కాదు. చికిత్సకు ఒక పద్ధతి, ఇన్నిసార్లు అనే లెక్క, ఇంటి దగ్గర చేసుకు రావాల్సిన పని ఉంటాయి.

డిప్రెషన్‌కు బాగా పనిచేసే సులువైన పద్ధతిని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. కుంగిపోయిన మనిషి పనులు మానేస్తుంది, మానేసినకొద్దీ ఇంకా కుంగిపోతుంది. ఆ చక్రాన్ని పని వైపు నుంచి ఆపుతారు. మనసు బాగయ్యాక పని చేయడం కాకుండా, చిన్న పని ఒకటి చేసి మనసు ఎలా ఉందో చూడటం. ఆందోళనకు సీబీటీ అనే పద్ధతి ఉంది. భయపెట్టే ఆలోచనను పరీక్షకు పెట్టడం, తప్పించుకు తిరుగుతున్న చోటుకు మెల్లమెల్లగా వెళ్ళడం ఇందులో ముఖ్యం.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాని మీద మనం కాసేపు ఆగాలి. సీబీటీ పుస్తకాల్లో "ఆలోచనా లోపాలు" అనే జాబితా ఉంటుంది. అందరూ నన్ను చిన్నచూపు చూస్తున్నారు అనుకోవడం అందులో ఒక లోపం. రొయ్యల షెడ్డులో పనిచేసే దళిత మహిళ ఒకామె ఈ మాట అన్నదనుకుందాం. ఆమెకు వేరే గ్లాసులో టీ ఇస్తున్నారనీ, మేస్త్రీ ఆమెను పేరుతో కాకుండా కులంతో పిలుస్తాడనీ అనుకుందాం. అది ఆలోచనా లోపమా? అది సరైన పరిశీలన. దాన్ని లోపం అన్న కౌన్సెలర్ ఆమెకు రెండోసారి అవమానం చేసినట్టే. ఆమె మళ్ళీ ఆ గది గడప తొక్కదు.

తెలిసిన చికిత్సకుడు దాన్ని రెండుగా విడదీస్తాడు. మేస్త్రీ చిన్నచూపు చూస్తున్నది నిజం. దాంతో ఏం చేయాలో అది వేరే పని, అందులో యూనియన్ ఉంది, చట్టం ఉంది, షెడ్డు మారడం ఉంది. కానీ "అందుకే నేను దేనికీ పనికిరాను" అనే రెండో వాక్యం నిజం కాదు. అవమానం చేసినవాడు నాటిన వాక్యం అది. చికిత్స పట్టుకోవాల్సింది ఆ రెండో వాక్యాన్ని. మన సామాజిక స్థితి తెలియని చికిత్సకులకు ఈ తేడా పట్టుబడదు. మానసిక వైద్యంలో దళిత విద్యార్థులు ఎక్కువమంది చేరాలని నేననడానికి ప్రాతినిధ్యం ఒక్కటే కారణం కాదు, వైద్యం సరిగ్గా జరగడానికి కూడా అది కావాలి.

రెండూ కలిస్తే

లెక్కలు చూద్దాం. అమెరికాలో 439 మంది కౌమార వయసు పిల్లల మీద టాడ్స్ అనే ప్రయోగం చేసి 2004లో ఫలితాలు ప్రకటించారు. 12 వారాలకు ఫ్లూయోక్సెటిన్, సీబీటీ రెండూ అందినవారిలో 71 శాతం మెరుగయ్యారు. మాత్ర ఒక్కటే వాడినవారిలో 61, సీబీటీ ఒక్కటే అయితే 43, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 35 శాతం. తొమ్మిది నెలలకు మూడు రకాల చికిత్సలూ దాదాపు ఒక చోటికే చేరాయి. అయితే ఆత్మహత్యకు సంబంధించిన ఘటనలు మాత్ర ఒక్కటే వాడినవారిలో ఎక్కువగా, మాట కలిసినవారిలో తక్కువగా కనిపించాయి. అంటే మాత్ర తొందరగా లేపింది, మాట కాపు కాసింది.

పిల్లల ఆందోళన మీద 2008లో వచ్చిన క్యామ్స్ ప్రయోగంలో 488 మంది ఉన్నారు. రెండూ కలిపితే 81 శాతం, సీబీటీకి 60, సెర్ట్రలిన్‌కు 55, ఉత్తుత్తి మాత్రకు 24. పెద్దవాళ్ళ డిప్రెషన్ మీద పిమ్ క్విపర్స్ బృందం 2020లో 101 అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. మాత్ర ఒక్కటి కన్నా, మాట ఒక్కటి కన్నా జంట చికిత్స మెరుగని తేలింది.

ఎప్పుడూ రెండూ కావాలని కాదు. తేలికపాటి డిప్రెషన్‌కు ముందు మాటతో మొదలుపెట్టి చూడటమే మంచిది. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్‌కు రెండూ కావాలి. ఉన్నట్టుండి ప్రాణం పోతున్నట్టు దడ వచ్చే పానిక్ జబ్బులో కథ ఇంకోలా ఉంది. డేవిడ్ బార్లో బృందం 2000లో 312 మంది మీద చేసిన ప్రయోగంలో మందు వాడినన్నాళ్ళు జంట చికిత్స బాగుంది, ఆపాక మాత్రం సీబీటీ మీద నిలబడినవాళ్ళే ఎక్కువ కాలం బాగున్నారు. మందు వేసుకుని భయాన్ని దాటినవాళ్ళు ఆ గెలుపును మందు ఖాతాలో రాసుకుంటారు, తమ ఖాతాలో రాసుకోరు. అందుకని పానిక్‌లో మాట ముందు నడవాలి, మందు వెనక ఉండాలి.

ట్రామా లెక్క వేరు

దాడి, అత్యాచారం, లాకప్పు దెబ్బలు, కళ్ళ ముందు హత్య. వీటి తర్వాత నెల దాటినా పీడకలలు, ఆ ఘటన మళ్ళీ జరుగుతున్నట్టు కళ్ళ ముందు ఆడటం, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, ఆ దారిలో నడవలేకపోవడం ఉంటే పీటీఎస్‌డీ అంటారు. 1980లో అమెరికన్ సైకియాట్రీ వర్గీకరణలో ఈ పేరు చేరింది, వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం దాని వెనక ఉంది. అందుకే అందులో ఒక పాత ఊహ మిగిలిపోయింది. యుద్ధం అయిపోయింది, మనిషి ఇంటికొచ్చాడు, జ్ఞాపకం మాత్రమే వదలట్లేదు అని.

మన ఊళ్ళలో యుద్ధం అయిపోదు. భీమవరం పక్కన పాలకోడేరు మండలం గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం దగ్గర మొదలైన వివాదంలో దళితులను సాంఘికంగా వెలివేశారు. కౌలు భూములు పోయాయి, పొలం పనులకు పిలవడం మానేశారు. కత్తి దూసినవాడు లేడు. కానీ నెలల తరబడి పలకరింపు లేని ఊళ్ళో బతకడం మనసుకు ఏం చేస్తుంది? పీటీఎస్‌డీ నిర్వచనంలో చావు, తీవ్ర గాయం, లైంగిక హింస, లేదా వాటి ముప్పు ఉండాలి. వెలి అందులో ఇమడదు. తప్పించుకోలేని పరిస్థితుల్లో దీర్ఘకాలం సాగే హింస వేరే గాయం చేస్తుందని జూడిత్ హెర్మన్ 1992లో రాశారు. ఆ ఆలోచన కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అనే పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణ ఐసీడీ-11లోకి వచ్చింది, 2022 జనవరి నుంచి అది అమలులో ఉంది. తాను ఎందుకూ కొరగాననే భావం, ఎవరినీ నమ్మలేకపోవడం, కోపం దుఃఖం అదుపులో లేకపోవడం దాని లక్షణాలు. మన వాళ్ళ కేస్ షీట్లలో ఈ పేరు రాయించుకోవడం నేర్చుకోవాలి.

చికిత్సలో కూడా తేడా ఉంది. డిప్రెషన్‌లో మాత్రా మాటా సమానంగా భుజం కలుపుతాయి. ట్రామాలో మాటే పెద్దది. జరిగిన గాయాన్ని నేరుగా తాకే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, ఈఎండీఆర్ వంటి చికిత్సలకు బలమైన ఆధారం ఉంది. సెర్ట్రలిన్ లాంటి మందులు సాయం చేస్తాయి. రెండూ కలిపితే ఇంకా బాగుంటుందా అంటే ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి. 223 మంది మాజీ సైనికుల మీద 2019లో వచ్చిన ప్రయోగంలో కలపడం వల్ల అదనపు లాభం కనిపించలేదు. కానీ గాయంతో పాటు తీవ్రమైన డిప్రెషన్ ఉన్న మనిషి మందు లేకుండా మాట్లాడే స్థితికే రాకపోవచ్చు. అక్కడ మందు ఆమెను కుర్చీలో కూర్చోబెడుతుంది. అంతవరకు దాని విలువ గొప్పదే.

ఘటన జరిగిన మొదటి నెలలో రెండు పనులు చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒకటి, అల్ప్రజోలం జాతి మందులు ఇవ్వడం. మన దగ్గర మొదట చేసేది అదే. రెండోది, బాధితుల్ని కూర్చోబెట్టి జరిగిందంతా ఒకేసారి కక్కించడం. ఇది మన నిజనిర్ధారణ బృందాలకు ఇబ్బందిగా అనిపించాల్సిన మాట. ఒక ఊళ్ళో దాడి జరిగితే వారంలో ఎన్ని సంఘాలు వెళతాయో, ఎన్ని మైకులు, ఎన్ని సెల్‌ఫోన్లు ఆ తల్లి ముందు పెడతారో మనకు తెలుసు. ప్రతి బృందానికీ ఆమె మొదటి నుంచి చెప్పాలి. కన్నీళ్ళు వచ్చిన చోట కెమెరా దగ్గరికి జరుగుతుంది. నిజనిర్ధారణ అవసరమే, అది లేకపోతే ఎఫ్ఐఆర్ కూడా ఉండదు. కానీ సంఘాలన్నీ కలిసి ఒక్కసారి, ఆమె ఎంచుకున్న మనిషి పక్కన ఉండగా, ఆమె ఆపమన్న చోట ఆపుతూ వాంగ్మూలం తీసుకుని దాన్నే అందరూ వాడుకోవచ్చు. ఇంత చిన్న క్రమశిక్షణ మనకు ఇంకా రాలేదు.

చెప్పడమే మందయ్యే దారి ఒకటి ఉంది. చిలీ సైనిక నియంతృత్వ కాలంలో చిత్రహింసలకు గురైనవాళ్ళతో అక్కడి చికిత్సకులు వాంగ్మూల చికిత్స మొదలుపెట్టారు. మన దేశంలో వారణాసి కేంద్రంగా పనిచేసే పీవీసీహెచ్‌ఆర్ అనే మానవ హక్కుల సంస్థ, డెన్మార్క్ నిపుణులతో కలిసి ఉత్తరప్రదేశ్‌లో పోలీసు హింస బాధితులతో దాన్ని చేసి 2009లో ఫలితాలు ప్రచురించింది. కొన్ని విడతల్లో బాధితుడు చెప్పిందాన్ని రాసి, తిరిగి చదివి వినిపించి, అతను దిద్దాక, చివరికి ఊరి మధ్య సభ పెట్టి గౌరవంగా అతని చేతిలో పెడతారు. ఆ కాగితం అటు చికిత్సకూ పనికొస్తుంది, ఇటు కేసుకూ పనికొస్తుంది. సభలూ పాటలూ మనకు కొత్త కాదు. విడతలుగా చెప్పించడం, దిద్దుకునే హక్కు బాధితుడికి ఇవ్వడం, ఇవి నేర్చుకోవాలి.

పశ్చిమ గోదావరిలోనే జరిగింది

ఇదంతా అమెరికాలో కుదురుతుంది గానీ పాలకొల్లులో థెరపిస్టు ఎక్కడ దొరుకుతాడు అని అడగొచ్చు. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతానికి చికిత్స అందట్లేదని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. అంటే మన అంకె కూడా మన దగ్గర లేదు.

కానీ జవాబులో ఒక ముక్క మన జిల్లాలోనే ఉంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ అనే పరిశోధన సంస్థ పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో "స్మార్ట్ మెంటల్ హెల్త్" అనే కార్యక్రమాన్ని పశ్చిమ గోదావరిలో చేసింది. అప్పటికి జిల్లా విడిపోలేదు, మొదటి విడత ఏజెన్సీ వైపు 30 ఆదివాసీ గ్రామాల్లో జరిగింది. ఆశా కార్యకర్త ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి తెలుగులో ప్రశ్నలు అడుగుతుంది. నిద్ర ఎలా ఉంది, దేని మీదైనా ఇష్టం కలుగుతోందా, చనిపోవాలనిపిస్తోందా. లెక్క దాటినవారి వివరం పీహెచ్‌సీ డాక్టరుకు చేరుతుంది. ఆయన తెర మీద సూచనలు చూస్తూ నిర్ధారించి మందో సలహానో ఇస్తాడు. తర్వాత ఆశా మళ్ళీ వెళ్ళి వాడుతున్నారా, తగ్గిందా అని కనుక్కుంటుంది. దానితో పాటు ఊళ్ళో నాటకాలతో, వీడియోలతో సిగ్గు పోగొట్టే ప్రచారం. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం, మానసిక వైద్యం కోసం వెళ్ళినవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. తర్వాత ఇదే పద్ధతిని పశ్చిమ గోదావరి, హర్యానా గ్రామాల్లో పెద్ద ప్రయోగంగా చేశారు.

దీని బలం మనిషిని డాక్టరు దాకా చేర్చడంలో ఉంది. మాట సగం ఇందులో పలచగానే ఉంది. ఆ సగాన్ని గోవా పూరించింది. విక్రమ్ పటేల్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగంలో 495 మంది డిప్రెషన్ రోగులున్నారు. మానసిక వైద్యంలో ఏ చదువూ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, పీహెచ్‌సీల్లో ఒక్కొక్కరితో ఆరు నుంచి ఎనిమిది విడతలు బిహేవియరల్ యాక్టివేషన్ చేయించారు. మూడు నెలలకు వీరిలో 64 శాతం కోలుకున్నారు, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం. పేటలో ఇంటర్ చదివిన అమ్మాయి ఈ శిక్షణ పొందితే ఆరు విడతలు మాట్లాడగలదు. ఆమెకు జీతం ఇవ్వాలి, పైన చూసే సైకాలజిస్టు ఉండాలి. ఆశాల మీద ఇంకో బరువు ఊరికే పడేస్తే కుదరదు, వాళ్ళలో చాలామంది మనవాళ్ళే, ఇప్పటికే గౌరవ వేతనం కోసం రోడ్డెక్కుతున్నవాళ్ళు.

జాతీయ కార్యక్రమం కాగితం మీద పాతదే. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య పథకం నాలుగు జిల్లాల్లో మొదలైనప్పుడు అందులో మెదక్ ఒకటి. పాలకొల్లు దగ్గర దగ్గులూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీకి 2021లో శంకుస్థాపన చేశారు. మెడికల్ కాలేజీ వస్తే సైకియాట్రీ విభాగం కూడా వస్తుంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం పీపీపీ పద్ధతికి ఎంచిన పది కాలేజీల్లో అది ఉంది. ఆ వివాదంలో సీట్ల గురించి, ఫీజుల గురించి మాట్లాడేవాళ్ళు సైకియాట్రీ ఓపీ ఉచితంగా ఉంటుందా అని కూడా అడగాలి.

ఆసుపత్రి అంటే ఉన్న భయం

దళితులు మానసిక ఆసుపత్రిని నమ్మకపోవడానికి కారణాలున్నాయి. నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రి మత్తు డాక్టరు సుధాకర్ దళితుడు. 2020లో కరోనా మొదట్లో మాస్కులు లేవని మాట్లాడి సస్పెండయ్యారు. మే 16న విశాఖలో ఆయన చేతులు వెనక్కి కట్టి పోలీసులు తీసుకెళ్ళడం దేశమంతా చూసింది. అక్కడి నుంచి మానసిక ఆసుపత్రికి చేర్చారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. 2021 మే 21న ఆయన గుండెపోటుతో చనిపోయారు. ఆ ఏడాది అంతా "పిచ్చి" అనే ముద్ర ఎంత సులువుగా పడుతుందో అందరం చూశాం.

2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం, 2017 దీనికి అడ్డుకట్ట వేస్తుంది, తెలిసినవాళ్ళకు మాత్రమే. సెక్షన్ 3 ప్రకారం ఒకరి సామాజిక, ఆర్థిక, రాజకీయ స్థితిని బట్టి గానీ, సమాజంలో చెలామణిలో ఉన్న విలువలకు ఒదగలేదనే కారణంతో గానీ మానసిక రోగి అని తేల్చకూడదు. సెక్షన్ 18 వైద్యాన్ని హక్కు చేసింది, అందులో కులం పేరెత్తి మరీ వివక్ష కూడదంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ప్రభుత్వ ఖర్చుతో చికిత్స, కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పైన ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో అత్యవసర మందుల జాబితాలోని మానసిక వైద్య మందులు ఉచితం అనీ ఆ సెక్షనే చెబుతుంది. సెక్షన్ 23 గోప్యత హక్కు. చిన్న పట్నంలో ఇంటిపేరు చెబితే పేట తెలిసిపోతుంది, పేట తెలిస్తే చుట్టాలకు కబురు వెళ్ళిపోతుంది కాబట్టి ఈ సెక్షన్ మనకు బాగా అవసరం. సెక్షన్ 25 ప్రకారం వైద్య రికార్డులు చూసే హక్కు రోగికి ఉంది.

ఆ రికార్డులు కేసులోకి రావాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, బాధితుడు అంటే ఎవరో కొత్తగా నిర్వచించింది. సెక్షన్ 2(1)(ఈసీ)లో శారీరక, ఆర్థిక నష్టాలతో పాటు మానసిక, భావోద్వేగ హాని పొందినవారూ బాధితులే అని ఉంది, కుటుంబ సభ్యులూ అందులోకి వస్తారు. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను సెక్షన్ 3(1)(జడ్‌సీ) నేరం చేసింది. విచారణ సాగుతున్నప్పుడే సామాజిక, ఆర్థిక పునరావాసం పొందే హక్కు సెక్షన్ 15ఏ ఇచ్చింది. అయినా మన చార్జిషీట్లలో గాయాల సర్టిఫికెట్ అంటే తల మీద కుట్లు, చేతికి కట్టు. నిద్ర పట్టని ఎనిమిది నెలలు ఎక్కడా ఉండవు.

అట్రాసిటీ కేసు పెట్టించడానికి వెళ్ళేవాళ్ళు బాధితురాలిని వైద్య పరీక్షకు తీసుకెళ్ళినప్పుడే మానసిక స్థితి కూడా రాయమని అడగవచ్చు. నెల తర్వాత లక్షణాలు పోకపోతే సైకియాట్రిస్టు ఓపీ చీటీ తీసుకోవాలి. ప్రతిసారీ తేదీ, మందు పేరు, కౌన్సెలింగ్ విడత నమోదయ్యేలా చూడాలి. ఆ కాగితాల నకళ్ళు లాయరు దగ్గర ఒకటి, ఆమె దగ్గర ఒకటి ఉండాలి. ఏది కోర్టుకు ఇవ్వాలో ఏది ఇవ్వకూడదో ఆమె నిర్ణయించాలి, ఎందుకంటే అవతలి లాయరు అదే కాగితం పట్టుకుని "ఈమెకు మతి స్థిమితం లేదు" అని వాదించే ప్రమాదం ఉంది. డిప్రెషన్‌కో ట్రామాకో చికిత్స తీసుకున్నంత మాత్రాన సాక్ష్యం చెల్లకుండా పోదని మన లాయర్లు ముందే సిద్ధమై ఉండాలి.

రాత్రిపూట ఎవరైనా బతకలేనంటే 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ నంబరు అది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. ఆ నంబరును పేట చర్చి గోడ మీద, అంబేడ్కర్ భవనం తలుపు మీద, హాస్టల్ నోటీసు బోర్డు మీద రాయడానికి పది నిమిషాలు చాలు.